ఆ సత్యభామ పాట రాసిందెవరు?



స్టవ్ మీద పప్పు ఉడుకుతుంటుంది. చేతులు కొబ్బరి కోరుతుంటాయి. మనసు ఎక్కడో ఉంటుంది. అలాంటప్పుడు మనకు తెలియకుండానే నోట్లోంచి ఏదో ఒక కూనిరాగం వస్తుంది. ఎప్పుడో చిన్నప్పుడు విన్న పాట! ఎవరు రాశారో, ఎవరు కట్టారో తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచనా రాదు. అమ్మ చేతి గరిటెలాగా, అత్తగారి ఇత్తడి బిందెలాగా ఆ పాట కూడా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నదే అనుకుంటాం.

మా లక్డీకాపూల్‌లో మేముండే అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఒక పిన్నిగారున్నారు. డెబ్బై దాటిన మనిషి. ఒకరోజు సాయంత్రం తోడుకి మజ్జిగ అడుగుదామని వెళ్లాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపలినుంచి "మీరజాలగలడా" పాట వినిపిస్తోంది. రేడియో అనుకున్నాను. కాదు, పిన్నిగారే! చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పాడుకుంటున్నారు. తల కొంచెం పక్కకి వాల్చి, ఒక కనుబొమ్మ పైకెత్తి, అచ్చం సత్యభామే! నన్ను చూడగానే ఠక్కున ఆపేశారు. చిన్నపిల్ల దొంగతనంగా బెల్లంముక్క తింటూ దొరికిపోయినట్టు సిగ్గుపడ్డారు.

"ఎందుకాపేశారు పిన్నిగారూ?" అన్నాను.

"ఆ, ముసలితనంలో ఇదొకటా! పాడి ఏం చేస్తాంలే అమ్మాయ్" అన్నారు.

పట్టు వదలకుండా అడిగితే అప్పుడు చెప్పారు. ఆవిడది గుంటూరు జిల్లాలో ఒక ఊరు. హైస్కూల్లో చదువుకునే రోజుల్లో వార్షికోత్సవానికి తులాభారం ఘట్టం వేయాలనుకున్నారట. సత్యభామ వేషానికి మాస్టారు ఈవిడ పేరే చెప్పారట. పాట అంతా వచ్చేసింది. నడక కూడా వచ్చేసింది. తీరా నాన్నగారికి తెలిసేసరికి "మన ఇంటి పిల్ల మొహానికి రంగేసుకుని నలుగురి ముందు గెంతడమేమిటి?" అని ఒక్క మాటతో కొట్టిపారేశారట. ఆ వేషం చివరికి ఎవరికిచ్చారో తెలుసా? ఈవిడ క్లాసులోనే చదివే ఒక మగపిల్లాడికి!

"నా జడకుచ్చులు కూడా వాడికే ఎరువిచ్చాం" అని నవ్వారు పిన్నిగారు. ఆ నవ్వు మాత్రం నాకు నవ్వులా అనిపించలేదు.

కిందికి దిగి వస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చి మెట్ల మీద ఆగిపోయాను. ఆ పాట అసలు పుట్టిందే ఒక మగవాడి కోసం! రాసిందీ మగవాడే, చీర కట్టుకుని మొదట పాడిందీ ఆయనే. ఆయన పేరు స్థానం నరసింహారావుగారు. మీలో చాలామందికి ఈ పాట అనగానే 1966లో వచ్చిన "శ్రీకృష్ణ తులాభారం" సినిమా, జమునగారి ఓరచూపు, పి. సుశీలగారి గొంతు గుర్తొస్తాయి కదూ! అవి మరచిపోదగ్గవి కావు, నిజమే. కానీ ఆ సినిమాకి ఎంతో ముందే ఆ పాట ఊరూరా రంగస్థలం మీద మోగింది. ఈ వారం ఆయన కథే చెప్పుకుందాం.

ఆ రాత్రి చంద్రమతి రాలేదు

స్థానంవారు పుట్టింది 1902లో, బాపట్లలో. ఆయన నటుడు కావడం వెనక ఒక తమాషా సంగతి ఉంది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తున్నారు. చంద్రమతి వేషం వేయాల్సిన మనిషి రాలేదు. మన ఇళ్లల్లో పెళ్లిరోజున వంటమనిషి రాకపోతే ఎంత గాభరా పడతామో ఊహించుకోండి! అలాంటప్పుడు ఎవరో ఒకరు కొంగు బిగించాల్సిందే కదా. అలా ఆ కుర్రవాడు చీర కట్టుకుని చంద్రమతిగా రంగం మీదికి వచ్చాడు. అదే మొదలు.

తరువాత తెనాలిలోని శ్రీరామవిలాస సభలో చేరారు. ఆ రోజుల్లో తెనాలి అంటే నాటకాలకి పుట్టిల్లు. అక్కడినుంచి దాదాపు నాలుగు దశాబ్దాలపాటు ఆయన వేసినవి ముఖ్యంగా ఆడవేషాలే. సత్యభామ, చిత్రాంగి, దేవదేవి, మధురవాణి, రోషనార... ఒకరికొకరు పోలిక లేని ఆడవాళ్లు!

ఒక్కసారి ఆలోచించి చూడండి. చంద్రమతి కట్టుకున్నవాడి మాట నిలబెట్టడానికి అమ్ముడుపోయి, కొడుకుని పోగొట్టుకుని ఏడ్చే తల్లి. సత్యభామ ముక్కు మీద కోపం ఉన్న రాణి. చిత్రాంగి సారంగధర నాటకంలో సవతికొడుకు మీద మోహపడి, అది తీరకపోతే వాడి ప్రాణం మీదికి తెచ్చే చిన్నరాణి. విప్రనారాయణలో దేవదేవి పంతానికి ఒక భక్తుణ్ణి వలలో వేసుకోబోయి తానే మారిపోయే వేశ్య. ఇక గురజాడవారి కన్యాశుల్కంలో మధురవాణి సంగతి చెప్పేదేముంది! ఊళ్లో పెద్దమనుషులందరినీ వేలిమీద ఆడించే తెలివితేటలు ఆమెవి. రోషనార మొగలు రాచకన్య, ఆ కట్టూ బొట్టూ వేరు.

ఒకే మనిషి, ఇంతమంది ఆడవాళ్లు! చీర మార్చినంత మాత్రాన ఇది జరుగుతుందా? ఒక్కొక్కరికీ నడక మారాలి. కొంగు పట్టుకునే తీరు మారాలి. తల్లి కూర్చున్నట్టు వేశ్య కూర్చోదు, రాణి చూసినట్టు దాసి చూడదు. అప్పట్లో ముఖాన్ని దగ్గరగా చూపించే కెమెరాలు లేవు. గాస్‌లైట్ల వెలుతురులో, ఎక్కడో చివర చాప మీద కూర్చున్న మనిషికి కూడా సత్యభామ అలిగిందని తెలియాలంటే ఒళ్లంతా అలగాలి. పాట కూడా అంతే. మైకు లేని రోజుల్లో గొంతు చివరిదాకా వినపడాలి, అయినా ఆడమనిషి మాటలోని ఆ వయ్యారం పోకూడదు.

మరి ఇదంతా ఆయన ఎక్కడ నేర్చుకున్నారంటారు? ఆడవాళ్ల నడక నేర్పే బడి ఎక్కడా లేదు కదా! మన అమ్మమ్మలు, నాయనమ్మలు నీళ్లు తోడుతున్నప్పుడు, వడ్డిస్తున్నప్పుడు, అలిగి గడప దగ్గర కూర్చున్నప్పుడు చూసి తీరాలి. అంతకన్న దారి లేదు. మనం రోజూ లెక్కచేయకుండా చేసే పనుల్లో ఉన్న అందాన్ని కళ్లారా చూసి దాచుకున్నవాడు నటుడయ్యాడు. చేసిన మనకి మాత్రం అది పని, అంతే!

పాట తానే రాసుకున్నారు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. "శ్రీకృష్ణ తులాభారం" నాటకం రాసినది ముత్తరాజు సుబ్బారావుగారు. అందులో సత్యభామ వేషం స్థానంవారిది. ఆ వేషానికి తగినట్టుగా ఆయన స్వయంగా రాసుకున్న పాటే "మీరజాలగలడా". తన పాత్రలకి సందర్భాన్ని బట్టి పాటలు రాసుకోవడం ఆయనకి అలవాటు. ఇదే నాటకానికి ఖమ్మం ప్రాంతపు జక్కేపల్లి వాసి చందాల కేశవదాసుగారు కూడా పాటలు రాశారు. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద"కి పాటలు రాసిన కేశవదాసుగారే ఆయన. అంటే మనం ఇవాళ సినిమా పాటలనుకునే వాటిలో కొన్నింటి పుట్టిల్లు నాటకమన్నమాట!

తులాభారం కథ మీకు తెలియనిది కాదు. కృష్ణుడు తన ఒక్కదాని సొత్తే కావాలనుకుంటుంది సత్యభామ. నారదుడి మాట విని వ్రతం చేసి భర్తనే దానమిచ్చేస్తుంది. తిరిగి తెచ్చుకోవాలంటే ఆయన ఎత్తు బంగారం తూచాలి. ఒంటి మీద నగలతో సహా ఉన్నదంతా పెట్టినా త్రాసు కదలదు. చివరికి రుక్మిణి వేసిన తులసీదళంతో తూగుతుంది.

కథ నీతి రుక్మిణి పక్షాన ఉంది. అవునా? మరి మన నోట్లో నిలిచిన పాట ఎవరిది? సత్యభామది! పోట్లాడే సత్యభామది, నా మాట దాటి వెళ్లగలడా అని ధీమాగా నిలబడ్డ సత్యభామది. నాకెప్పుడూ దీనిమీద ఆశ్చర్యమే. మన పెద్దవాళ్లు తమ భర్త ముందు గట్టిగా మాట్లాడి ఎరుగరు. పేరు కూడా పెట్టి పిలవలేదు. అలాంటివాళ్లు పెరట్లో గిన్నెలు తోముకుంటూ ఈ పాట పాడుకున్నారు. నేరుగా అనలేని మాటని పాటలో పెట్టి అనుకున్నారేమో! పాటలో అంటే ఎవరూ తప్పుపట్టరు కదా.

ఆ మాటలు రాసిందేమో ఒక మగవాడు. ఆయన గొప్పతనాన్ని నేను తక్కువ చేయడంలేదు సుమా! ఒక ఆడదాని గర్వాన్ని, అందులోని ప్రేమని, దాని వెనక దాగిన భయాన్ని అంత చక్కగా పట్టుకోవడం సామాన్యమా? కానీ ఆ చోట నిలబడి పాడటానికి, రాయటానికి ఆడపిల్లకి ఎందుకు వీలు కాలేదన్న ప్రశ్న మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది.

మన దగ్గరే కాదు

ఆడవేషం మగవాళ్లు వేయడం మన ఒక్కరి సంగతే అనుకోకండి. ఇంగ్లండులో షేక్స్‌పియర్ నాటకాల్లో జూలియెట్ వేషం వేసింది మగపిల్లలే. 1660 తర్వాతగానీ అక్కడ ఆడవాళ్లు ధైర్యంగా రంగస్థలం ఎక్కలేదు. జపానులో కబుకీ అనే నాటకాన్ని మొదలుపెట్టినది ఆడవాళ్లు. అయినా 1629లో ప్రభుత్వం వాళ్లని నిషేధించింది! ఆ తరువాత అందులో ఆడవేషాలు కూడా మగవాళ్లవే అయ్యాయి. మన పక్కనే మరాఠీ రంగస్థలం మీద బాలగంధర్వగా పేరు పొందిన నారాయణ్ శ్రీపాద్ రాజహంస ఉండేవారు. ఆయన కట్టిన చీరలు, పెట్టుకున్న నగలు చూసి పెద్దింటి ఆడవాళ్లు అలాగే ముస్తాబయ్యేవారట. విచిత్రం చూశారా! ఆడవాళ్లని చూసి ఆయన నేర్చుకుంటే, ఆయన్ని చూసి ఆడవాళ్లు నేర్చుకున్నారు.

మన తెలుగునాట కూడా నాటక సమాజాల్లో ఉద్యోగస్తులు, ప్లీడర్లు, చదువుకున్నవాళ్లు ఉండేవారు. అంతా మగవాళ్లే. వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు మేలిముసుగు వేసుకోకపోయినా గడప దాటి రంగస్థలం ఎక్కడమన్నది ఊహకి అందని మాట. రంగు వేసుకున్న ఆడదంటే లోకం ఒకలాగే చూసేది. అందుకే బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రిగారి లాంటి నటులు కూడా ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్నారు.

ఆ గీత దాటినవాళ్లు

అలాగని ఆడవాళ్లెవరూ ఎక్కలేదా అంటే, ఎక్కారు! సురభి వాళ్ల సంగతి మీకు చెప్పాలి. 1885లో కడప జిల్లాలోని సురభి అనే ఊళ్లో వనారస వారి కుటుంబం "కీచకవధ" నాటకం వేసింది. అంతకుముందు వాళ్లు తోలుబొమ్మలాట ఆడేవారు. ఆ ఊరి పేరే వాళ్ల ఇంటిపేరులా అయిపోయింది. వాళ్ల నాటకాల్లో ఆడవేషాలు ఆ ఇంటి ఆడవాళ్లే వేశారు. తల్లి, కూతురు, కోడలు, మనవరాలు, అందరూ నటులే.

వాళ్ల బతుకు ఒక్కసారి ఊహించండి. డేరా వెనకే వంట, డేరా ముందు నాటకం. ఇప్పుడే పొయ్యి మీద అన్నం వార్చిన చెయ్యి, కాసేపటికి ముఖానికి అర్దళం పూసుకోవాలి. చంటిపిల్లకి పాలిచ్చి పడుకోబెట్టి ద్రౌపదిగా రంగం మీదికి రావాలి. తొలి తెలుగు టాకీ 1932లో వచ్చిన "భక్త ప్రహ్లాద"లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయిగారు ఆ కుటుంబంలోని మనిషే. తల్లి నాటకంలో నటిస్తూ ఉండగానే నొప్పులు వచ్చి రంగస్థలం మీదే కమలాబాయి పుట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మనం వంటింట్లో ఒక పూట జ్వరంతో నిలబడితే ఎంత కష్టమో మనకి తెలుసు. ఇక ఆ తల్లి సంగతి!

స్థానంవారికి 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. రంగూన్‌లోని తెలుగువాళ్లు 1938లోనే బంగారు కిరీటం పెట్టారు. ఆయన ఆ గౌరవాలకు ముమ్మాటికీ తగినవారే. కానీ అదే కాలంలో అవే వేషాలు వేసిన సురభి ఆడవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి వచ్చు? సురభి నాటకాన్ని నిలబెట్టిన బాబ్జీగారు, అంటే రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు. ఆ గౌరవం సురభి మొత్తానిదీ అనుకుంటే, తెర వెనక అన్నం వండి తెర ముందు రాణులైన ఆడవాళ్లందరికీ అందులో వాటా ఉంది.

ఒకే జీవితకాలంలో

ఈ కథలో నాకు అన్నిటికన్న నచ్చిన ముక్క ఇప్పుడు చెబుతాను. తెనాలి పక్కనే దుగ్గిరాల ఉంది కదా. అక్కడ పెరిగిన ఒక అమ్మాయి బడి రోజుల్లోనే నాటకాల్లో వేసేది. ప్రజానాట్యమండలి నడిపిన డాక్టర్ గరికపాటి రాజారావుగారు ఆ పిల్లని తన "పుట్టిల్లు" సినిమాలో నాయికని చేశారు. అది 1953. ఆ అమ్మాయే జమున! పదమూడేళ్ల తరువాత, 1966లో, "శ్రీకృష్ణ తులాభారం" సినిమాలో సత్యభామ అయింది. తెర మీద జమున, తెర వెనక సుశీల. మగవాడు తనకోసం రాసుకున్న పాట ఇద్దరు ఆడవాళ్ల దగ్గరకి చేరింది.

స్థానంవారు అప్పటికి బతికే ఉన్నారు. ఆయన కన్నుమూసింది 1971లో. ఒక్క మనిషి జీవితకాలంలోనే ఎంత మార్పు వచ్చిందో చూడండి! 1920లో ఆడవేషానికి మనిషి రాకపోతే మరో మగవాణ్ణి వెతుక్కోవలసి వచ్చింది. 1966 నాటికి సత్యభామ అంటే జమునే అని ఊరూ వాడా అనుకునేదాకా వచ్చింది.

కానీ సోదరీమణులారా, మార్పు అందరి గుమ్మానికీ ఒకేసారి రాదు. ఆ సినిమా ఊళ్లోకి వచ్చిన కాలంలోనే మా పిన్నిగారి జడకుచ్చులు మగపిల్లాడికి ఎరువు వెళ్లాయి. వెండితెర మీద జమునని చూసి చప్పట్లు కొట్టిన తండ్రే ఇంట్లో కూతురికి వద్దన్నారు. ఎవరో ఆడపిల్ల వేస్తే కళ, మన ఇంటి పిల్ల వేస్తే పరువు! ఈ మాట ఇప్పటికీ పూర్తిగా పోయిందంటారా? మీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

మా లక్డీకాపూల్‌లో

ఇంతా చెప్పి మా పేట గురించి చెప్పకపోతే ఎలా? లక్డీకాపూల్ అంటే చెక్క వంతెన. ఆ చెక్క వంతెన ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు పైన మెట్రో రైలు వెళుతుంటే కింద బస్సులు, ఆటోలు, ఆస్పత్రులకి వచ్చేవాళ్ల హడావిడి. ఆ రద్దీలో మనం రోజూ దాటిపోయే రెండు మూడు చోట్లకి ఈ కథతో చుట్టరికం ఉంది.

మొదటిది సైఫాబాద్‌లోని ఆకాశవాణి. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం అయింది. స్థానంవారు ఆ కేంద్రంలో నాటక ప్రయోక్తగా పనిచేశారు. అంటే నాటకాన్ని ఎంచుకుని, నటులకి చెప్పించి, నడిపించే పని. ఎంత విచిత్రమో చూడండి! కట్టూ బొట్టూ, నడకా, ఓరచూపుతో పేరు తెచ్చుకున్న మనిషి, అవేవీ కనపడని మైకు ముందుకి వచ్చారు. రేడియోలో గొంతు ఒక్కటే ఆస్తి. ఇంకో మాట. రేడియో నాటకంలో ఆడగొంతు కావాలంటే ఆడవాళ్లనే పిలవాలి. మొహానికి రంగు లేదు, నలుగురి ముందు నిలబడటం లేదు. రంగస్థలం ఎక్కనివ్వని ఇళ్లల్లో కూడా రేడియోకి అయితే సరేనన్న పెద్దవాళ్లు ఉండేవారు. ఆ విధంగా రేడియో మన ఆడవాళ్లకి ఒక కిటికీ తెరిచింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఆ నాటకాలు విన్న తరం ఇంకా మన ఇళ్లల్లో ఉంది.

రెండోది రవీంద్రభారతి. రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సందర్భంగా కట్టిన ఈ నాటకశాలను 1961లో డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ప్రారంభించారు. మూడోది నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళాతోరణం. సురభి వాళ్లు ఎన్నోసార్లు నాటకాలు వేసిన ఆరుబయటి వేదిక అది. మెట్రోలో లక్డీకాపూల్ దగ్గర దిగితే ఇవన్నీ నడిచి వెళ్లే దూరమే. పిల్లల్ని తీసుకుని మాల్‌కి వెళుతున్నాం, సినిమాకి వెళుతున్నాం. ఒక్కసారి నాటకానికి వెళ్లి చూడండి. "మాయాబజార్"లో ఘటోత్కచుడు కళ్లముందే మాయలు చేస్తుంటే మీ పిల్లలు సెల్‌ఫోన్ పక్కన పెట్టకపోతే నన్నడగండి!

మనం చేయగలిగింది

స్థానంవారు తమ అనుభవాలను "నటస్థానం" అని పుస్తకంగా రాసి పెట్టారు. అందుకే ఆయన గురించి మనం ఇవాళ చెప్పుకోగలుగుతున్నాం. మన అమ్మమ్మల పాటలు ఎవరు రాసిపెట్టారు? మంగళహారతులు, అలక పాటలు, అప్పగింతల పాటలు, తిరగలి పాటలు... వాళ్లతోపాటే పోతున్నాయి. రాసిందెవరో తెలియని పాటల్లో చాలావరకు ఆడవాళ్లవేనని నా అనుమానం.

అందుకే ఈ వారం మీకొక చిన్న పని చెబుతాను. పాలవాడి లెక్క, చాకలి లెక్క రాసుకునే నోటుపుస్తకంలోనే వెనక నాలుగు పేజీలు వదలండి. మీ అమ్మగారికో, అత్తగారికో వచ్చిన ఒక్క పాట రాసుకోండి. ఎక్కడ నేర్చుకున్నారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి ఆ పేరు కూడా కింద రాయండి. పాట పూర్తిగా గుర్తులేకపోతే గుర్తున్నంతవరకే రాయండి. ఫోనులో రికార్డు చేస్తే ఇంకా మంచిది. గొంతు కూడా దాచుకున్నట్టు అవుతుంది.

రెండో మాట. మీలో పెళ్లికి ముందు పాడేవాళ్లు, నాటకాల్లో వేసినవాళ్లు, వేయాలనుకుని వేయలేకపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. ఇప్పుడు వద్దన్నవాళ్లు ఎవరూ లేకపోయినా మనకి మనమే వద్దనుకుంటున్నాం. "ఈ వయసులో ఏమిటి" అనే మాట ఇదివరకు ఎదుటివాళ్లు అనేవారు. ఇప్పుడు మనమే అనుకుంటున్నాం. పిన్నిగారు నన్ను చూసి పాట ఆపేశారు కదా, అప్పుడు ఆవిడని ఆపమన్నది ఎవరు? నాన్నగారు పోయి ముప్పై ఏళ్లయింది!

ఈ కథంతా నేను పిన్నిగారికి చెప్పాను. చంద్రమతి రాకపోవడం దగ్గరనుంచి జమున దాకా శ్రద్ధగా విన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "అయితే మా క్లాసు పిల్లాడు కొత్తగా చేసిందేమీ లేదన్నమాట" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఈసారి అది నిజంగా నవ్వే.

మొన్న ఆదివారం మళ్లీ వాళ్లింటికి వెళితే పిన్నిగారి మనవరాలు, నాలుగో తరగతి పిల్ల, అమ్మ చున్నీని పమిటలా వేసుకుని హాల్లో అటూ ఇటూ నడుస్తోంది. మా అపార్ట్‌మెంట్ వినాయకచవితి పందిట్లో సత్యభామ వేషమట. సోఫాలో కూర్చున్న పిన్నిగారు "పాట తరువాత, ముందు ఆ నడక చూడు. రాణివి నువ్వు, బస్సు అందుకునేదానిలా ఆ పరుగేమిటి?" అని గదమాయిస్తున్నారు. నేను వెళ్లినా ఈసారి ఆపలేదు. "అమ్మాయ్, కాస్త మజ్జిగ నువ్వే తీసుకో, గిన్నె గట్టు మీద ఉంది" అని మళ్లీ పిల్ల వైపు తిరిగిపోయారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసిన నాటకం గురించి, మీరు వేయాలనుకుని వేయలేకపోయిన వేషం గురించి మాకు రాయండి. వేయగలిగినవాళ్లు కూడా రాయండి సుమా! వచ్చే వారం మళ్లీ కలుద్దాం.